విస్కీ రుచి చూడడం, రివ్యూ రాయడం: చవక బోర్బన్ నుంచి పాత స్కాచ్ బ్లెండ్ల దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

విస్కీని తొందరపడకుండా రుచి చూసి, దాని గురించి నాలుగు ముక్కలు నిజాయితీగా రాయాలనుకునేవాళ్ల కోసం ఈ పేజీ. అమెరికాలో పాతిక డాలర్ల లోపు దొరికే బోర్బన్ దగ్గర మొదలుపెట్టి 17, 18, 21 ఏళ్ల స్కాచ్ బ్లెండ్ల (రకరకాల విస్కీలు కలిపి చేసినవి) దాకా ఎక్కువమంది అడిగే సందేహాలకు జవాబులు రాశాను. అన్నిటి వెనకా నా పట్టుదల ఒకటే. ఏ సీసానైనా అది ఏం ఇద్దామని తయారైందో ఆ లెక్కలోనే కొలవాలి. ధర ఎక్కువైతే మార్కులు ఎక్కువ, వయసు ఎక్కువైతే ఇంకా ఎక్కువ అన్న అలవాటు పోతే తప్ప పనికొచ్చే రివ్యూ రాదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. అమెరికాలోనూ అంతే. ఇక్కడున్నదంతా ఆ వయసు దాటినవాళ్ల కోసమే.

బోర్బన్‌కీ స్కాచ్‌కీ అసలు తేడా ఎక్కడుంది?

బోర్బన్ అమెరికాలోనే తయారవ్వాలి. వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. మిగతాది మామూలుగా రై అనే ధాన్యం, మాల్ట్ చేసిన (మొలకెత్తించి ఆరబెట్టిన) బార్లీ. మేకర్స్ మార్క్ లాంటి కొన్నిట్లో రై బదులు గోధుమ వేస్తారు, అందుకే అవి కాస్త మెత్తగా ఉంటాయి. బట్టీ నుంచి దింపేటప్పుడు ఆల్కహాల్ 80 శాతం దాటకూడదు, పీపాకెత్తేటప్పుడు 62.5 శాతం దాటకూడదు. ఆ పీపా కొత్త ఓక్ చెక్కతో చేసి, లోపలి గోడను నిప్పుతో మాడ్చినదై ఉండాలి. రంగు గానీ ఫ్లేవర్ గానీ కలపకూడదు. ఎక్కువ భాగం కెంటకీ రాష్ట్రంలోనే తయారైనా, అక్కడే చేయాలన్న రూలు లేదు.

స్కాచ్ స్కాట్లాండ్‌లో తయారై, 700 లీటర్లకు మించని ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు అక్కడే ఉండాలి. 40 శాతానికి తగ్గకూడదు. నీళ్లు, మామూలు కారమెల్ రంగు తప్ప ఇంకేమీ కలపడానికి వీల్లేదు. పీపా కొత్తదే కావాలన్న షరతు మాత్రం లేదు.

ఈ రెండు రూల్సూ కలిసే చోట అసలు సంగతి ఉంది. బోర్బన్‌కు కొత్త పీపానే వాడాలి కాబట్టి ఒకసారి ఖాళీ అయిన పీపా మళ్లీ బోర్బన్‌కు పనికిరాదు. అలాంటివి లక్షల్లో స్కాట్లాండ్‌కు వెళతాయి, స్కాచ్‌లో ఎక్కువ భాగం వాటిలోనే పెరుగుతుంది. కొత్త చెక్క సారమంతా బోర్బన్ లాగేసుకుంటే, మిగిలినదాన్ని స్కాచ్ పదేళ్లో ఇరవై ఏళ్లో కూర్చుని నిదానంగా తీసుకుంటుంది. అందుకే కొత్తవాళ్లకు నేను ముందు బోర్బన్ చేతికిస్తాను. ఓక్ వాసన అంటే ఏమిటో అక్కడ గట్టిగా తెలిసిపోతుంది. తర్వాత పాత బ్లెండులో అదే వాసన సన్నగా వచ్చినా గుర్తుపట్టగలుగుతారు.

తక్కువ ధర బోర్బన్‌కు కూడా ఇంత తతంగం అవసరమా?

అవసరమే. నన్నడిగితే మిగతా అన్నిటికంటే దానికే ఎక్కువ అవసరం. రివ్యూ చదివేవాళ్లలో ఎక్కువమంది కొనబోయేది దాన్నే కదా.

చవక బోర్బన్‌లో చట్టం ఇచ్చిన భరోసా ఒకటుంది. లేబుల్ మీద స్ట్రెయిట్ అని ఉంటే కనీసం 2 ఏళ్లు పీపాలో ఉన్నట్టు. 4 ఏళ్ల లోపుదైతే వయసు రాసి తీరాలి. కాబట్టి వయసు రాయని స్ట్రెయిట్ బోర్బన్ కనీసం 4 ఏళ్లదని లెక్క. ఇంకో మాట కూడా వెతకండి: బాటిల్డ్ ఇన్ బాండ్. వ్యాపారులు ఏవేవో కలిపి విస్కీ అని అమ్మేస్తున్న రోజుల్లో, 1897లో వచ్చిన చట్టం ఇది. ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో తీసిన సరుకు, ప్రభుత్వ నిఘాలో ఉన్న గోదాములో కనీసం 4 ఏళ్లు ఉండి, సరిగ్గా 50 శాతం ఆల్కహాల్‌తో సీసాకెక్కాలి. ఎవాన్ విలియమ్స్ తెల్ల లేబుల్ ఈ రకమే. ఆ ధరకు అంత నికరమైన సరుకు విస్కీ లోకంలో ఇంకెక్కడా లేదని నా నమ్మకం.

జిమ్ బీమ్ తెల్ల లేబుల్ 4 ఏళ్లది, 40 శాతం. గ్లాసులో పోయగానే వేయించిన వేరుశెనగ పప్పు వాసన, పొట్టుతో సహా. దాని వెనక వెనీలా, కాస్త పచ్చి మొక్కజొన్న కంకి. నోట్లో పలచగా ఉంటుంది, తొందరగా పోతుంది. వైల్డ్ టర్కీ 101 దీనికి పూర్తిగా ఎదురు. 50.5 శాతం ఉంటుంది, పీపా లోపల బాగా లోతుగా మాడ్చి ఉంటుంది. బెల్లం పాకం ముదురుతున్నప్పటి వాసన, దాల్చినచెక్క, మిరియాల ఘాటు, మింగాక ఎండు చెక్క వగరు చాలాసేపు నిలుస్తాయి. రెండూ ఖరీదైనవి కావు. రెండిటికీ ఒకే మాటలు రాస్తే మాత్రం రాసినవాళ్లు సరిగ్గా రుచి చూడలేదనే అర్థం.

ఏ గ్లాసు వాడాలి?

అడుగు వెడల్పుగా ఉండి మూతి దగ్గర సన్నబడే ఏ గ్లాసైనా సరే. స్కాట్లాండ్‌లో 2001లో వచ్చిన గ్లెన్‌కేర్న్ గ్లాసు ఇప్పుడు చాలా డిస్టిలరీల్లో కనిపిస్తుంది, దాని ఆకారం ఇదే. అది లేకపోతే చిన్న వైన్ గ్లాసు చాలు. బార్‌లో ఇచ్చే వెడల్పాటి గ్లాసులో వాసన నిలవదు. స్టీలు గ్లాసు, పేపరు కప్పు అసలు వద్దు. గ్లాసు కడిగాక సబ్బు వాసన, తుడిచిన గుడ్డ వాసన పోయాయో లేదో ఖాళీగా ఉన్నప్పుడే ఒకసారి చూసుకోండి.

వాసన చూడగానే ముక్కు మండిపోతోంది. ఏం చేయాలి?

ముక్కు గ్లాసులోకి దూర్చేసి గట్టిగా పీలిస్తే ఎవరికైనా అంతే. ఆల్కహాల్ ఆవిరి ముక్కును కాసేపు మొద్దుబారుస్తుంది, ఆ తర్వాత ఎంత పీల్చినా ఇంకేం తెలియదు. పోశాక పది నిమిషాలు గ్లాసును కదపకుండా వదిలేయండి. తర్వాత గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, మామూలుగా ఊపిరి తీసుకోండి. మెల్లగా పైకి తెస్తూ పోతే మంట మొదలయ్యే చోటు తెలుస్తుంది. దానికి కాస్త కింద ఆగిపోండి. గ్లాసు మూతిలో పై అంచు దగ్గరా కింది అంచు దగ్గరా వేరు వేరు వాసనలు వస్తాయి. రెండు చోట్లా చూడండి. ఒక్కో ముక్కుపుటంతో విడివిడిగా కూడా చూడండి, రెండూ ఒకేలా చెప్పవు.

మధ్యలో ముక్కు అలిసిపోతే సొంత మోచేతి లోపలి భాగాన్ని వాసన చూస్తే మళ్లీ దారికొస్తుంది. కాఫీ గింజలు పెట్టుకోవడం కొందరికి అలవాటు గానీ, నాకది ఇంకో గట్టి వాసనను మధ్యలోకి తేవడమే అనిపిస్తుంది. సెంటు, అగరొత్తి, పక్క గదిలో పోపు, ఇవేవీ లేని వేళ చూసుకోండి.

నీళ్లు కలపొచ్చా? "రా" కొట్టడమే గొప్ప అంటారు కదా?

కలపాలి. బ్లెండ్లు తయారుచేసేవాళ్లే శాంపిల్‌ను 20 శాతం దాకా పలచన చేసి వాసన చూస్తారు. 40 శాతం విస్కీ 30 మిల్లీలీటర్లకు అంతే నీళ్లు కలిపితే ఆ లెక్క వస్తుంది. లోపాలు దాక్కోవడానికి అక్కడ చోటుండదు. స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో కంప్యూటర్ లెక్కలతో ఇంకో సంగతి చూపించారు. పొగ వాసనకు కారణమైన పదార్థాల్లో ఒకటైన గ్వాయకాల్, ఆల్కహాల్ 45 శాతం లోపు ఉన్నప్పుడు ద్రవం పైభాగానికి చేరుతుందట. 59 శాతం దాటితే లోపలికి పోతుందట. పైకి చేరితేనే కదా ముక్కుకు అందేది.

ముందు నీళ్లు లేకుండా ఒక గుక్క చూసి రాసుకోండి. తర్వాత చెంచాతో కొంచెం కొంచెంగా కలుపుతూ పోండి. వైల్డ్ టర్కీ 101 ఒక స్మాల్ (30 మిల్లీలీటర్లు) పోసుకుంటే, దాన్ని 40 శాతానికి తేవడానికి సుమారు 8 మిల్లీలీటర్ల నీళ్లు పడతాయి. పాత బ్లెండు 40 శాతంతోనే సీసాకెక్కి ఉంటే మాత్రం నాలుగైదు చుక్కలకు మించొద్దు, పీపా సారం తేలిపోతుంది. వాడే నీళ్లకు సొంత రుచి ఉండకూడదు. కొన్ని ఊళ్ల బోరు నీళ్లు, క్లోరిన్ ఎక్కువైన కుళాయి నీళ్లు విస్కీని చెడగొడతాయి.

ఐస్ వేస్తే చల్లదనానికి వాసన అణిగిపోతుంది. రివ్యూ కోసమైతే వద్దు, సరదాకైతే మీ ఇష్టం. సోడా సంగతి వేరు. చవక బోర్బన్, మామూలు బ్లెండు చాలామంది తాగేది సోడాతోనే కాబట్టి, రివ్యూలో చివర సోడాతో ఎలా ఉందో ఒక వాక్యం రాయడం చదివేవాళ్లకు ఉపకారం.

రివ్యూల్లో రాసే పండ్లూ ఫలాలూ నాకు తెలియవు. నేనేం రాయాలి?

మీకు తెలిసిన వాసనలే రాయండి. బ్లాక్‌బెర్రీ ఎప్పుడూ తినని మనిషి గ్లాసులో బ్లాక్‌బెర్రీ కనిపెట్టానంటే అది ఇంకొకరి రివ్యూ నుంచి ఎత్తుకొచ్చిన మాటే. మన వంటింట్లో ఉన్న సరుకు తక్కువదేం కాదు. తాటిబెల్లం, ఎండు ఖర్జూరం, కిస్‌మిస్, వేయించిన నువ్వులు, ఎండుకొబ్బరి, లవంగం, జాజికాయ, సొంఠి, మాగిన అరటిపండు, నేతిలో వేగిన జీడిపప్పు, పాత చందనం చెక్క, మట్టి పొయ్యి పొగ. వీటిలో చాలావాటికి విస్కీలో నిజంగానే ఆధారం ఉంది.

అరటిపండు వాసన ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్ వల్ల వస్తుంది. పులిసేటప్పుడు ఈస్ట్ దాన్ని తయారుచేస్తుంది. ఓక్ చెక్కను కాల్చినప్పుడు అందులోని లిగ్నిన్ విరిగి వెనిలిన్ పుడుతుంది. కొబ్బరి వాసన ఓక్‌లో ఉండే లాక్టోన్ల వల్ల వస్తుంది, అవి అమెరికన్ ఓక్‌లో ఎక్కువ. లవంగంలో ఉండే యూజెనాల్ ఓక్‌లో కూడా ఉంది. కిస్‌మిస్, ఖర్జూరం వైపు వెళితే షెర్రీ అనే స్పెయిన్ వైన్ నిలవ చేసిన పీపా ప్రమేయం ఉందేమోనని చూడండి. పొగ వస్తే బార్లీని పీట్ (చిత్తడి నేలల్లో పేరుకున్న కుళ్లిన మొక్కల మట్టి) మంట మీద ఆరబెట్టారని అర్థం, అదీ ఎక్కువగా స్కాట్లాండ్‌లోని ఐలా దీవి నుంచి వచ్చే మాల్ట్‌లో.

ఇలా రాస్తే మన ఊరివాళ్లకు వెంటనే తెలుస్తుంది. డాలస్‌లో ఉన్న తెలుగువాళ్లకూ తెలుస్తుంది. ఒక హద్దు మాత్రం పెట్టుకోండి. ఒక సీసాకు మూడు నాలుగు వాసనలు గట్టిగా పట్టుకుంటే చాలు. పన్నెండు రాసినవాళ్లను నేను నమ్మను.

పక్కన ఏం తినాలి?

రుచి చూసేటప్పుడు ఏమీ వద్దు. ముఖ్యంగా కారం వద్దు. మిరపకాయలోని క్యాప్సైసిన్ నాలుక మీద ఏ గ్రాహకాన్ని తాకి మంట పుట్టిస్తుందో, ఆల్కహాల్ కూడా దాన్నే తాకుతుంది. అది వేడికి స్పందించే హద్దును కిందికి దింపేస్తుంది కాబట్టి ఒంట్లో ఉన్న మామూలు వేడే మంటగా అనిపిస్తుంది. గుంటూరు కారం దట్టించిన చికెన్ ఫ్రై తిని బోర్బన్ తాగి, "ఈ సరుకు చాలా హార్ష్" అని రాస్తే ఆ తప్పు సరుకుది కాదు. ఉప్పు లేని బిస్కెట్టు, మంచినీళ్లు, అంతే. తిండితో జోడీ సంగతి ఇంకో పూట చూసుకోవచ్చు.

12 ఏళ్లు, 18 ఏళ్లు అని రాసి ఉంటుంది. ఎక్కువ ఏళ్లుంటే ఎక్కువ రుచేనా?

స్కాచ్ లేబుల్ మీద వయసు రాస్తే, ఆ సీసాలో ఉన్నవాటిలో అన్నిటికంటే చిన్నదాని వయసే రాయాలి. 12 ఏళ్ల బ్లెండులో 20 ఏళ్ల విస్కీ కొంత ఉన్నా, పైన 12 అనే ఉంటుంది. ఈ రూలు కొనేవాళ్లకు రక్షణ.

వయసూ రుచీ ఎంత దూరం కలిసి నడుస్తాయన్నది ఊరి వాతావరణం చెబుతుంది. స్కాట్లాండ్ చల్లగా, తేమగా ఉంటుంది. పీపాలోంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరవుతుంది, ఆల్కహాల్ శాతం మెల్లగా తగ్గుతూ పోతుంది. కెంటకీలో ఎండాకాలం గోదాముల పై అంతస్తులు ఉడికిపోతాయి. అక్కడ నీళ్లే ఎక్కువ ఆవిరై ఆల్కహాల్ శాతం పైకి ఎక్కుతుంది, కొత్త చెక్క సారం గబగబా దిగుతుంది. బెంగళూరులో అమృత్ డిస్టిలరీ పీపాల నుంచి ఏటా పది శాతానికి పైగా ఎగిరిపోతుంది. అందుకని 8 ఏళ్ల బోర్బన్‌ను 18 ఏళ్ల స్కాచ్ పక్కన పెట్టి ఇది కుర్రది, అది పెద్దది అనడంలో అర్థం లేదు. 20 ఏళ్లు కొత్త ఓక్‌లో ఉన్న బోర్బన్ చాలాసార్లు చెక్క కషాయంలా చేదెక్కుతుంది. 20 ఏళ్లు పాత పీపాలో ఉన్న గ్రెయిన్ విస్కీ (గోధుమ, మొక్కజొన్న లాంటివాటితో తీసేది) మాత్రం అప్పుడే బాగుపడుతుంటుంది.

సింగిల్ మాల్ట్ ముందు బ్లెండు తక్కువేగా?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నేను వివరంగానే జవాబు చెబుతాను, ఎందుకంటే బ్లెండ్లకు జరిగిన అన్యాయం చాలా ఉంది.

సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో మాల్ట్ బార్లీతో, రాగి కుండ బట్టీల్లో తీసినది. గ్రెయిన్ విస్కీ గోధుమ, మొక్కజొన్న లాంటివాటితో, నిలువు బట్టీలో ఆగకుండా తీసేది. ఈ నిలువు బట్టీకి 1830లో ఈనియస్ కాఫీ పేటెంట్ తీసుకున్నాడు. ఐర్లండ్‌లో ఎక్సైజ్ అధికారిగా పనిచేసిన మనిషి. ఈ రెండు రకాలూ కలిస్తే బ్లెండెడ్ స్కాచ్. వేర్వేరు డిస్టిలరీల మాల్ట్‌లు మాత్రమే కలిపితే బ్లెండెడ్ మాల్ట్. జానీ వాకర్ గ్రీన్ లేబుల్ 15 ఏళ్లది ఈ రెండో రకం, గ్రెయిన్ చుక్క కూడా ఉండదు.

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ఆండ్రూ అషర్ అనే వ్యాపారి 1853లో వేర్వేరు వయసుల మాల్ట్‌లు కలిపి అమ్మాడు. 1860 చట్టంతో మాల్ట్, గ్రెయిన్ కలపడానికి దారి తెరుచుకుంది. అంతకు ముందు ఒక పీపా ఉన్నట్టు ఇంకో పీపా ఉండేది కాదు. దీన్ని సరిచేసినవాళ్లు ఎక్కువగా కిరాణా కొట్లవాళ్లే. కిల్మార్నాక్‌లో జాన్ వాకర్ 1820లో, ఎడిన్‌బరోలో జార్జ్ బాలంటైన్ 1827లో కొట్లు పెట్టారు. అబర్దీన్‌లో షివాస్ సోదరులదీ ఆ వ్యాపారమే. ఫ్రాన్సులో ద్రాక్షతోటలను ఫైలాక్సెరా పురుగు తినేసి కోన్యాక్ (ద్రాక్ష బ్రాందీ) కరువైన రోజుల్లో ప్రపంచం స్కాచ్ వైపు తిరిగిందంటే, ఈ కొట్లవాళ్లు ఏ సీసా తీసినా ఒకే రుచి వచ్చేలా చేయగలిగారు కాబట్టే.

ఏడాదికేడాది మారిపోయే పదుల కొద్దీ పీపాల నుంచి ఎప్పుడూ మారని రుచి తేవడం మామూలు పని కాదు. ఇరవై ముప్ఫై డిస్టిలరీల సరుకును ముక్కుతోనే తూస్తారు బ్లెండ్లు తయారుచేసేవాళ్లు. సింగిల్ మాల్ట్ ఒక ఊరి గొంతు వినిపిస్తుంది, అది దాని అందం. బ్లెండు నుంచి ఆశించాల్సింది కుదురు. కుదిరిందా లేదా అన్నదే దానికి మార్కులు వేసే ప్రశ్న.

పాత బ్లెండులో ఏం వెతకాలి?

ముందు గ్రెయిన్ విస్కీ వయసు. కుర్ర గ్రెయిన్ పలచగా, స్పిరిట్ వాసనతో ఉంటుంది. చవక బ్లెండులో మొదటి గుక్క వెనక వచ్చే ఖాళీతనం చాలామటుకు దాని వల్లే. 17, 18 ఏళ్లు దాటిన గ్రెయిన్ వెన్నలా మెత్తబడి, వెనీలా, కొబ్బరి తీపితో నోరంతా పరుచుకుంటుంది. వయసు రాసిన బ్లెండులో గ్రెయిన్ కూడా ఆ వయసుదే కావాలి కాబట్టి, మీరు డబ్బులు పెట్టేది ఎక్కువగా దీనికే.

బాలంటైన్స్ 17ను ఒకసారి దగ్గరగా చూద్దాం. మొదటి ఐదు నిమిషాలు తేనె, వెనీలా తప్ప పెద్దగా ఏమీ చెప్పదు, తొందరపడితే "బాగానే ఉంది" అని రాసి పక్కన పెట్టేస్తాం. పావుగంట ఆగాక కిందినుంచి పాలిష్ చేసిన చెక్క, మాగిన పియర్ పండు వైపు వెళ్లే తీపి, ఎక్కడో దూరంగా పొగ లేస్తాయి. నోట్లో ఏ వాసనా ఇంకోదాన్ని తోసుకుని ముందుకు రాదు. మింగాక మంట లేకుండా వేడి మాత్రమే దిగుతుంది, చివర లైకోరైస్ తరహా తీపిచేదు, మనకైతే అతిమధురం వేరు నమిలినట్టు. ఆ పొగ ఖాళీ గ్లాసులో మర్నాడు పొద్దున కూడా ఉంటుంది. ఖాళీ గ్లాసును వాసన చూడడం మానొద్దు, పీపా గురించి అది చెప్పినంత ఇంకేదీ చెప్పదు.

షివాస్ 18 దీనికంటే బరువు. ఎండు పండ్లు, టాఫీ, డార్క్ చాక్లెట్ వైపు ఉంటుంది. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకానికి వచ్చిన రాయల్ సెల్యూట్ 21 ఏళ్లది. చాలా గుండ్రంగా ఉంటుంది, అందరికీ నచ్చుతుంది. అయినా ఆ ధరలో సగం పింగాణీ సీసాకీ పేరుకీ పోతుందని నా అభిప్రాయం. నా దగ్గర కొలబద్ద మాత్రం జానీ వాకర్ బ్లాక్ లేబుల్. 12 ఏళ్లది, ఎక్కడైనా దొరుకుతుంది, కిస్‌మిస్, నారింజ తొక్క, పొగ మూడూ స్పష్టంగా ఉంటాయి. ఏ పాత బ్లెండు రుచి చూసినా పక్కన ఇది కొంచెం పోసుకుంటాను. అదనపు డబ్బుకు అదనంగా ఏం వచ్చిందో అప్పుడే తేలుతుంది.

రంగు ముదురుగా ఉంటే మంచిదా?

బోర్బన్‌లో రంగంతా పీపాదే, కాబట్టి కొంత అర్థం ఉంది. స్కాచ్‌లో కారమెల్ రంగు కలపొచ్చు, పెద్ద బ్రాండ్లలో అది మామూలు. రంగుకు మార్కులు వేయకండి.

"స్మూత్" అని రాస్తే తప్పా?

తప్పేం లేదు గానీ, దాంతో చదివేవాళ్లకు ఏమీ అందదు. ఎక్కడ స్మూత్? నాలుక మీద మంట లేదా, గొంతులో పట్టలేదా, నూనెలా జారిందా, లేక 40 శాతానికి పలచన చేయడం వల్ల అసలు బరువే లేదా? ఆ నాలుగిట్లో ఏదో రాయండి. ఘాటు లోపం కాదని కూడా గుర్తుంచుకోండి. 50 శాతం బోర్బన్‌లో రై ధాన్యం మిరియాల్లా కొట్టాలనే అక్కడ వేశారు.

మార్కులు ఎలా వేయాలి?

నేను రెండు వేరు వేరు లెక్కలు రాస్తాను. దాని రకంలో అది ఎలా ఉంది అన్నది ఒకటి, ఆ ధరకు మళ్లీ కొంటానా అన్నది రెండోది. రెండూ కలిపి ఒకే అంకె చేస్తే చవక సీసాకూ ఖరీదైన సీసాకూ రెండిటికీ అన్యాయమే. మొదటి లెక్కలో బోర్బన్‌ను బోర్బన్‌లతోనే, బ్లెండును బ్లెండ్లతోనే పోల్చండి.

వీలైనప్పుడల్లా పేరు తెలియకుండా రుచి చూడండి. ఒకేలాంటి మూడు గ్లాసులు తీసుకుని ఇంట్లో ఇంకొకరిని పోయమనండి. రెండిట్లో ఒకే విస్కీ, మూడోదాంట్లో వేరేది. అడుగున గుర్తు పెట్టమనండి. వేరేది ఏదో మీరు చెప్పాలి. ఆహార పరిశ్రమలో ఎప్పటినుంచో వాడుతున్న పద్ధతి ఇది. ఊరికే చెప్పినా మూడింట ఒకసారి కరెక్టవుతుంది కాబట్టి ఒక్కసారి గెలిస్తే సరిపోదు. 12 ఏళ్లదాన్నీ 18 ఏళ్లదాన్నీ ఇలా విడదీయలేకపోతే, ఆ రెండిటి మధ్య పది మార్కుల తేడా వేయడానికి మనకు హక్కు లేదు.

ఒక్కసారి తాగి రివ్యూ రాసేయొచ్చా?

బార్‌లో ఒక పెగ్గు మాత్రమే దొరికితే ఆ మాట రివ్యూలోనే చెప్పి రాయండి. సీసా ఇంట్లో ఉంటే తెరిచిన రోజు ఒకసారి, వారం పది రోజులకు ఒకసారి, సగం అయ్యాక ఒకసారి చూడండి. కొన్ని బోర్బన్లు మొదటి రోజు స్పిరిట్ వాసనతో మూసుకుని ఉండి తర్వాత విప్పుకుంటాయి. జలుబు, నిద్రలేమి, ఆఫీసు టెన్షన్ ఉన్న రోజు రాసిన నోట్సు పక్కన పెట్టేయండి. వరసలో పెట్టి చూసేటప్పుడు ఆల్కహాల్ తక్కువదాని నుంచి ఎక్కువదానికి, పొగ లేనిదాని నుంచి ఉన్నదానికి వెళ్లాలి. ఐలా మాల్ట్ తర్వాత బాలంటైన్స్ పెట్టుకుంటే దాని గొంతు వినపడదు.

మన దగ్గర కొనే సీసాల సంగతేంటి? 42.8 శాతం అని ఎందుకుంటుంది?

పాత బ్రిటిష్ ప్రూఫ్ లెక్క నుంచి వచ్చింది. ఆ లెక్కలో 100 ప్రూఫ్ అంటే సుమారు 57.1 శాతం. దానిలో ముప్పాతిక వంతు, అంటే 75 డిగ్రీలు, 42.8 శాతం అవుతుంది. అమెరికాలో ప్రూఫ్ అంటే ఆల్కహాల్ శాతానికి రెట్టింపు, కాబట్టి రెండిటినీ కలపకండి. ఒకే బ్రాండు మన దగ్గర 42.8, బయట 40 శాతంతో ఉండొచ్చు. రివ్యూలో ఏ దేశం సీసానో, ఎంత శాతమో తప్పకుండా రాయండి.

టీచర్స్, బ్లాక్ డాగ్, 100 పైపర్స్ లాంటి స్కాచ్‌లు పెద్ద కంటైనర్లలో వచ్చి మన దేశంలో సీసాకెక్కుతాయి. ఇది చట్టబద్ధమే, సరుకు స్కాట్లాండ్‌దే. సింగిల్ మాల్ట్‌ను మాత్రం స్కాట్లాండ్‌లోనే సీసాకెత్తాలి. ఇక తక్కువ ధరలో అమ్ముడయ్యే దేశీ విస్కీల్లో చాలావాటికి ఆధారం మొలాసిస్ (చెరకు మడ్డి) నుంచి గానీ ధాన్యం నుంచి గానీ తీసిన న్యూట్రల్ స్పిరిట్, అంటే సొంత వాసన, రుచి లేని ఆల్కహాల్, దానికి కొంత మాల్ట్ కలుపుతారు. వాటిని స్కాచ్‌తో పోల్చి తిట్టడం కంటే, వాటిలో ఒకదాంతో ఒకటి పోల్చడం న్యాయం. మాల్ట్ బార్లీతో చేసే అమృత్, పాల్ జాన్ మాత్రం ప్రపంచంలో ఏ మాల్ట్ పక్కన పెట్టినా నిలబడతాయి. అమృత్ మాల్ట్ 2004లో మొదటి అడుగు వేసిందే స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో.

ఒక పూటకు ఎంత?

నాలుగు గ్లాసులు, ఒక్కోదానిలో 10 నుంచి 15 మిల్లీలీటర్లు. ఉమ్మేయడానికి ఒక కప్పు పక్కన ఉండాలి. వృత్తిగా చేసేవాళ్లలో చాలామంది ఉమ్మేస్తారు, అందులో నామోషీ లేదు. 42.8 శాతం విస్కీ 30 మిల్లీలీటర్లలో సుమారు 10 గ్రాముల అసలు ఆల్కహాల్ ఉంటుంది. ఒక నైంటీ అంటే 30 గ్రాములు. మూడో గ్లాసు మింగాక ముక్కు చెప్పేది నమ్మడం కష్టం, నాలుగోదాని గురించి రాసిన నోట్సు మర్నాడు చదివితే ఆ సంగతి తెలుస్తుంది. ఎంత తక్కువ తాగినా ఆరోగ్యానికి సురక్షితం అనదగ్గ మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. కాలేయం, బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా ఈ పనికి దిగొద్దు. తాగిన పూట బండి తాళం ముట్టుకోవద్దు.

తెరిచిన సీసా ఎన్నాళ్లుంటుంది?

సీసాలోకెళ్లాక విస్కీ వయసు పెరగదు. మూత తీయకుండా ఉంటే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. తెరిచాక లోపలి గాలి పనిచేయడం మొదలుపెడుతుంది. మూడొంతులు నిండుగా ఉన్నంతకాలం ఏడాదైనా పెద్ద తేడా రాదు. పావు వంతుకు దిగాక కొన్ని నెలల్లోనే పై వాసనలు పోతాయి, పాత బ్లెండ్లలో సున్నితమైన పండ్ల వాసనలు ముందు పోతాయి. అలాంటప్పుడు చిన్న గాజు సీసాలోకి అంచు దాకా మార్చి పెట్టండి. ప్లాస్టిక్ వద్దు. వైన్ సీసాలా పడుకోబెట్టకూడదు, ఆల్కహాల్ తగిలి కార్కు పాడవుతుంది. మన ఎండలకు వంటింటి పై అర, కిటికీ పక్క అల్మారా రెండూ పనికిరావు. గదిలో కింది అరలో, అట్టపెట్టెతో సహా, నిలువుగా పెట్టండి. కార్కు విరిగితే టీ వడకట్టే జల్లెడతో వడకట్టి, ఇంకో ఖాళీ సీసా కార్కు పెట్టేయండి.